రెడ్ వింగ్స్‌తో నా డెట్రాయిట్ రోజులు

2025 జులై 1న ఐస్ హాకీ ఆటగాడు అలెక్స్ డెల్వెకియో పోయారు. 93 ఏళ్ళు. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మా పెద్దాడు ఆ వార్త పెట్టి, కింద ఒక్క లైను రాశాడు: "నాన్నా, మన ల్యాబ్ తాతగారి హీరో పోయాడు."

హీరో అన్న మాట నిజమే. అందరూ గోర్డీ హౌ పేరు చెప్పుకునే ఊళ్ళో, మా ల్యాబ్ తాత, అంటే నాతో పనిచేసిన తెల్లజుట్టు పెద్దాయన, మాత్రం డెల్వెకియో పేరే చెప్పేవాడు. 24 సీజన్లు ఒకే జట్టు, డెట్రాయిట్ రెడ్ వింగ్స్. పన్నెండేళ్ళు కెప్టెన్. 1,500 పైచిలుకు మ్యాచులు. అంత ఆడినా, తప్పు చేసినవాళ్ళని కాసేపు కూర్చోబెట్టే పెనాల్టీ బాక్సులో కూర్చున్నది చాలా తక్కువ. పెద్దమనిషిలా ఆడేవాళ్ళకిచ్చే లేడీ బింగ్ ట్రోఫీ మూడుసార్లు అందుకున్నాడు. "పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) ఎవరికి కావాలో వాళ్ళ కర్ర మీద పెట్టేసి పక్కకి తప్పుకునేవాడు" అని తాత వందలసార్లు చెప్పి ఉంటాడు. లీగ్ విజేతలకిచ్చే స్టాన్లీ కప్ కోసం 1955లో జరిగిన ఫైనల్ ఏడో మ్యాచ్‌లో మాంట్రియల్ మీద మూడు గోల్స్ కొడితే రెండు డెల్వెకియోవే. అప్పటికి తాతకి పన్నెండేళ్ళు. వాళ్ళ నాన్న పక్కన కూర్చుని రేడియోలో విన్నాడట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తాత పోయి చాలా కాలమైంది. డెల్వెకియో కూడా పోయాక, ఆయన చెప్పిన కథలన్నీ ఇంక నా దగ్గరే మిగిలినట్టు అనిపించింది. అందుకే రాస్తున్నాను.

* * *

తొంభైల మధ్యలో నేను మిషిగన్‌లో దిగాను. కార్ల విడిభాగాలు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం, ట్రాయ్‌లో ఒక బెడ్రూమ్ అపార్ట్‌మెంటు. శనివారం భారతీయ టెంపుల్‌కి వెళ్ళి నాలుగు తెలుగు మాటలు మాట్లాడి వస్తే, మళ్ళీ వారం దాకా అవే. కేబుల్ కనెక్షన్‌కి డబ్బులు దండగ అనుకునే రోజులు. టీవీ నెత్తిన కుందేలు చెవుల్లాంటి యాంటెన్నా అటూ ఇటూ తిప్పితే, నదికి అవతలి ఒడ్డున ఉన్న విండ్సర్ నుంచి కెనడా వాళ్ళ సీబీసీ, తొమ్మిదో ఛానల్, బాగా వచ్చేది. శనివారం రాత్రి అందులో హాకీ తప్ప ఇంకోటి ఉండదు.

నాకు హాకీ అంటే మా నాన్నగారి హాకీ. ఆయన తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మట్టి గ్రౌండు, సున్నం గీతలు, నూనె పట్టించిన కర్రలు. ఈ మంచు మీద ఆటలో నాకు పక్ కనిపించేది కాదు. జనం అరిస్తే గోల్ పడిందని తెలిసేది.

సోమవారం పొద్దున్న బ్రేక్ రూములో అందరిదీ అదే గోల. నేను కాఫీ కప్పు పట్టుకుని చివర నిలబడేవాణ్ణి. అది గమనించింది తాతే. వయసులో అప్పటికి యాభై దాటినవాడే కానీ జుట్టంతా తెల్లబడిపోయి ఉండేది, అందుకే తర్వాత మా పిల్లలు తాత అనడం మొదలుపెట్టారు. ఒకరోజు నన్ను పిలిచి, వైబ్రేషన్ టెస్టు రీడింగులు రాసుకునే గ్రాఫ్ పేపరు తిరగేసి, పెన్సిలుతో రింక్, అంటే ఆడే మంచు మైదానం, గీశాడు. రెండు నీలి గీతలు, మధ్యలో ఎర్ర గీత, రెండు కొసలా గోల్స్. పక్ బదులు ఒక చిన్న నట్టు పెట్టాడు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆ నట్టు జరుపుతూ చెప్పాడు. పక్ కంటే ముందు నువ్వు ఆ నీలి గీత దాటకూడదు, అంతే. చెప్పింది అర్థమైందో లేదో చూడడానికి నట్టు నా చేతికిచ్చి నన్ను ఆడమన్నాడు. ఆ కాగితం చాలా ఏళ్ళు నా డ్రాయర్లో ఉండేది.

అప్పట్నుంచి లంచ్ టైములో నాకు చరిత్ర పాఠాలు.

* * *

ఈ జట్టు 1926లో మొదలైంది. కెనడా పశ్చిమ తీరంలోని విక్టోరియా కూగర్స్ ఆటగాళ్ళని కొనుక్కొచ్చి డెట్రాయిట్ కూగర్స్ అని పేరు పెట్టారు. స్టేడియం తయారు కాకపోవడంతో మొదటి సీజనంతా విండ్సర్లోనే ఆడారు. సొంత ఊరి జట్టు ఆట చూడ్డానికి డెట్రాయిట్ జనం నది దాటి పరాయి దేశం వెళ్ళారన్నమాట. 1927లో గ్రాండ్ రివర్ అవెన్యూ మీద ఒలింపియా కట్టారు. ఎర్ర ఇటుకల కట్టడం. మధ్యలో ఫాల్కన్స్ అని ఇంకో పేరు. 1932లో జేమ్స్ నోరిస్ కొన్నాక రెడ్ వింగ్స్ అయింది. చక్రానికి రెక్క ఉన్న ఆ గుర్తు, నోరిస్ కుర్రతనంలో ఆడిన మాంట్రియల్ క్లబ్బుది. మోటారు ఊరికి చక్రం భలే అతికింది.

తాతకి అసలైన కాలం యాభైలు. సిడ్ ఏబెల్, గోర్డీ హౌ, టెడ్ లిండ్సే ముగ్గురూ ఒక లైనులో ఆడితే దాన్ని ప్రొడక్షన్ లైన్ అనేవాళ్ళు. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు పెట్టుకున్న పేరులా ఉంటుంది. ఏబెల్ వెళ్ళాక ఆ మధ్య చోటులోకి వచ్చినవాడే డెల్వెకియో. గోల్లో టెర్రీ సాచుక్. 1952లో, కప్పు కోసం సీజను చివర జరిగే ప్లేఆఫ్స్‌లో ఎనిమిది మ్యాచులు ఆడి ఎనిమిదీ గెలిచారు. సొంత రింక్‌లో సాచుక్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆ ఏడే ఈస్టర్న్ మార్కెట్లో చేపల దుకాణం ఉన్న కుసిమానో అన్నదమ్ములు ఒక ఆక్టోపస్‌ని మంచు మీదకి విసిరారు. కప్పు గెలవాలంటే అప్పట్లో ఎనిమిది విజయాలు కావాలి, దానికి ఎనిమిది కాళ్ళు. ఆ ఆనవాయితీ ఇప్పటికీ ఉంది. ఉడకబెట్టి తేవాలి, పచ్చిది తేకూడదు అని తాత చాలా సీరియస్‌గా చెప్పేవాడు.

1950లో గోర్డీ హౌ రింక్ చుట్టూ ఉండే బోర్డుల్లోకి తల కొట్టుకుని పడి, పుర్రె చిట్లి, ఆపరేషన్ దాకా వెళ్ళింది. బతుకుతాడో లేదో అన్నారు. అదే ఏడు కప్పు గెలిచిన రాత్రి తలకి కట్టుతో మంచు మీదకి వచ్చాడు. ఆ తర్వాత 1980 దాకా, 52 ఏళ్ళ వయసు వచ్చేదాకా ఆడాడు! ఎన్‌హెచ్‌ఎల్ అనే ఈ పెద్ద లీగ్‌లో 801 గోల్స్. 1980 ఫిబ్రవరిలో కొత్తగా కట్టిన జో లూయిస్ అరీనాలో ఆల్‌స్టార్ మ్యాచ్ జరిగితే, వేరే జట్టుకి ఆడుతున్న హౌని డెట్రాయిట్ జనం నిలబడి, ఆపమన్నా ఆపకుండా చప్పట్లు కొట్టారు. తర్వాతి తరం హీరో గ్రెట్‌స్కీకి అది మొదటి ఆల్‌స్టార్ ఆట. తాత అక్కడ ఉన్నాడు. ఆ చప్పట్ల సంగతి చెప్పేటప్పుడు ఆయన శాండ్‌విచ్ పక్కన పెట్టేసేవాడు.

లిండ్సే అంటే మాత్రం తాతకి ఆటని మించిన గౌరవం. తాత యూనియన్ మనిషి, వాళ్ళ నాన్న కూడా. 1957లో లిండ్సే అన్ని జట్ల ఆటగాళ్ళనీ కలిపి ఒక సంఘం పెట్టబోతే, మేనేజరు జాక్ ఆడమ్స్ ఆయన్ని చికాగోకి పంపేశాడు. ఆటోవర్కర్ల యూనియన్ పుట్టి పెరిగిన ఊళ్ళో ఇలా జరగడం ఏమిటని తాత నలభై ఏళ్ళ తర్వాత కూడా మండిపడేవాడు. 1966లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి పిలిస్తే, ఆ విందుకి ఆడవాళ్ళని రానివ్వరని తెలిసి లిండ్సే వెళ్ళలేదు. ఆ మనిషిది అలాంటి నికార్సు. నా మటుకు నాకు ఈ జట్టు చరిత్రలో గోల్స్ కంటే ఈ రెండు సంగతులే పెద్దవి.

1955 తర్వాత కప్పు లేదు. డెబ్బైలలో జట్టు ఎంత దిగజారిందంటే ఊళ్ళోవాళ్ళే డెడ్ వింగ్స్ అన్నారు. 1982లో లిటిల్ సీజర్స్ పిజ్జా యజమాని మైక్ ఇలిచ్ జట్టుని కొన్నాక, జనాన్ని రప్పించడానికి ప్రతి హోమ్ మ్యాచ్‌కీ ఒక కారు బహుమతిగా ఇచ్చేవాడట. 1983లో స్టీవ్ ఐజర్‌మన్ వచ్చాడు. 21 ఏళ్ళకే కెప్టెనయ్యాడు, ఇరవయ్యేళ్ళు ఉన్నాడు. మిగతాది నేను నా కళ్ళతో చూసిన కాలం.

* * *

జో లూయిస్ అరీనాని ఎవరూ పూర్తి పేరుతో పిలిచేవారు కాదు. జో, అంతే. నది పక్కనే, కిటికీలు లేని పెద్ద బూడిదరంగు డబ్బా. చూడ్డానికి అందమైనదని ఎవరూ అనరు. బయట నిటారుగా మెట్లు. జనవరిలో నది మీంచి వచ్చే గాలికి ఆ మెట్లెక్కేలోపు చెవులు తిమ్మిరెక్కేవి. పీపుల్ మూవర్ అనే బుల్లి రైలు దిగి అందరం ఎర్ర జెర్సీల్లో, బూట్ల మీద ఉప్పు తెల్లగా పేరుకుని, ఒకర్నొకరు ఆనుకుని ఎక్కేవాళ్ళం. లోపలికి అడుగుపెడితే పాప్‌కార్న్, ఒలికిన బీరు, పిజ్జా, తడిసిన ఉన్ని కోట్లు అన్నీ కలిసిన వాసన. దాని వెనక మంచు వాసన ఉంటుంది, సన్నగా, ముక్కు లోపల తగిలేది. ఇప్పుడు ఏ రింక్‌కి వెళ్ళినా ఆ సన్న వాసన తగలగానే జో గుర్తొస్తుంది.

మొదటిసారి తీసుకెళ్ళింది తాతే. బాగా పైన సీట్లు. పక్ బోర్డుకి తగిలినప్పుడు వచ్చే ఆ టప్పుమనే చప్పుడు టీవీలో ఎప్పుడూ సరిగ్గా వినపడదు. జోలో గోల్ వెనక బోర్డులు గట్టివి, తగిలిన పక్ అంతే జోరుగా తిరిగొచ్చేది. మన డిఫెండర్ లిడ్‌స్ట్రమ్ దూరం నుంచి కావాలనే గోల్ పక్కకి కొట్టేవాడు. బోర్డుకి తగిలి అటుపక్కన మనవాడి కర్ర ముందుకి వచ్చి పడేది. మొదట్లో గురి తప్పాడనుకున్నాను. తాత మోచేత్తో పొడిచి, "మళ్ళీ చూడు" అన్నాడు.

మైకులో బడ్ లించ్ గొంతు. రెండో ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న మనిషి. ప్రతి పీరియడ్‌లో ఆఖరి నిమిషం వచ్చిందని ఆయన ప్రకటిస్తే స్టేడియమంతా ఒక్కసారి సర్దుకుని కూర్చునేది.

* * *

1997 మార్చిలో అమ్మ, నాన్నగారు వచ్చారు. ఇంకా మంచు కరగలేదు. బయటికి వెళ్ళడానికి లేదు, మాట్లాడడానికి ఇరుగుపొరుగు లేరు. నాన్నగారు పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చునేవారు. ఆయనకి తోచకపోతోందని మ్యాచ్ పెట్టాను. ఆ మ్యాచ్ మార్చి 26న కొలరాడోతో!

అంతకు ముందేడు ప్లేఆఫ్స్‌లో కొలరాడో ఆటగాడు క్లోడ్ లెమ్యూ వెనకనుంచి గుద్దితే మన క్రిస్ డ్రేపర్ దవడ, ముక్కు విరిగాయి. ఆ కసి అంతా ఆ రాత్రి తీర్చుకున్నారు. డారెన్ మెకార్టీ లెమ్యూ మీద పడ్డాడు, గోలీలు (గోల్ కీపర్లు) ఇద్దరూ, పాట్రిక్ రువా, మైక్ వెర్నన్, మధ్యకొచ్చి కొట్టుకున్నారు. నాన్నగారు కుర్చీలోంచి లేచారు. "రెఫరీ ఏడిరా? ఇద్దర్నీ ఎండలో నిలబెట్టక?" అన్నారు. ఓవర్‌టైమ్‌లో ఆ మెకార్టీయే గోల్ కొట్టి గెలిపించాడు. నాన్నగారు ఆట చూడనన్నారు.

చూశారు మళ్ళీ. ప్లేఆఫ్స్ మొదలయ్యాక ఒక సాయంత్రం సోఫా అంచుకి జరిగి కూర్చుని, "ఆ ఐదుగురూ ఎవర్రా?" అని అడిగారు.

ఆ ఐదుగురు రష్యన్లు. ఫెదొరోవ్, లారియోనోవ్, కొజ్లోవ్ ముందు. ఫెతిసోవ్, కాన్‌స్టాంటినోవ్ వెనక. కోచ్ స్కాటీ బౌమన్ 1995 అక్టోబరులో వాళ్ళని మొదటిసారి కలిపి ఆడించాడు. మిగతావాళ్ళు పక్‌ని మూలకి కొట్టి దాని వెనక పరిగెత్తేవాళ్ళు. వీళ్ళు మాత్రం పక్ వదలరు. దారి లేకపోతే వెనక్కి తిరిగి, ఒకరికొకరు ఇచ్చుకుంటూ, మళ్ళీ కొత్తగా కట్టుకొచ్చేవాళ్ళు. ఎవరు ఎక్కడున్నారో చూడాల్సిన పనే లేనట్టు ఇచ్చేవాళ్ళు.

"ఇది మన ఆటరా," అన్నారు నాన్నగారు. "కౌలాలంపూర్లో మనవాళ్ళు ఆడింది ఇదే." 1975 వరల్డ్ కప్ ఫైనల్ ఆయన స్టాఫ్ రూములో రేడియో చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టుకుని విన్నారు. మరుసటేడు మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రో టర్ఫ్ వచ్చాక మనవాళ్ళ చిన్న పాసుల ఆట వెనకబడిపోయిందని ఆయన బాధ. ఆ పోయిన ఆట ఇక్కడ మంచు మీద దొరికింది ఆయనకి.

వాళ్ళ కథ చెప్పాను. ఫెదొరోవ్ 1990లో సోవియట్ జట్టుతో అమెరికా వచ్చి తిరిగి వెళ్ళకుండా ఉండిపోయిన సంగతి, ఫెతిసోవ్, లారియోనోవ్ బయట ఆడే హక్కు కోసం అక్కడి అధికారులతో బహిరంగంగా పోరాడిన సంగతి. కొత్త ఆటగాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే 1989 డ్రాఫ్ట్‌లో లిడ్‌స్ట్రమ్ మూడో రౌండు, ఫెదొరోవ్ నాలుగో రౌండు, కాన్‌స్టాంటినోవ్ అయితే పదకొండో రౌండు. ముగ్గుర్నీ ఒకే ఏడు పట్టుకున్నారు. నాన్నగారికి కాన్‌స్టాంటినోవ్ నచ్చాడు. పదహారో నంబరు. కొట్టినవాడిని చూసి కూడా మొహంలో మార్పు ఉండదు. "గోడలాంటి కుర్రాడు" అనేవారు. వేరే భాష మాట్లాడే ఐదుగురు మనుషుల్ని ఈ ఊరు అంత సొంతం చేసుకోవడం, కొత్తగా వచ్చిన నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. ఆఫీసులో నా యాస విని మళ్ళీ చెప్పమనే రోజుల్లో, సాయంత్రం ఇరవై వేలమంది కొజ్లోవ్ పేరు అరుస్తుంటే బావుండేది.

జూన్ 7, శనివారం. ఫిలడెల్ఫియాతో ఫైనల్లో నాలుగో మ్యాచ్. అప్పటికే మూడు గెలిచారు. మెకార్టీ ఒక డిఫెండర్ని తప్పించుకుని, గోలీ హెక్స్‌టాల్‌ని పక్కకి లాగి వేసిన గోల్‌తో కప్పు వచ్చింది. 42 ఏళ్ళ తర్వాత. ఐజర్‌మన్ కప్పు ఫెతిసోవ్ చేతికిచ్చాడు. ఫెతిసోవ్, లారియోనోవ్ ఇద్దరూ చెరో పక్కన పట్టుకుని తిరిగారు. బయట కార్ల హారన్లు తెల్లారేదాకా ఆగలేదు. సోమవారం ల్యాబ్‌లో తాత గొంతు పూర్తిగా పోయింది. నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, అంతే.

మంగళవారం వుడ్‌వర్డ్ మీద ఊరేగింపు. పది లక్షల మంది అన్నారు. నాలుగుకి నాలుగూ గెలవడాన్ని ఇక్కడ స్వీప్, అంటే ఊడ్చేయడం, అంటారు కాబట్టి జనం చీపుళ్ళు పైకెత్తి ఊపుతున్నారు. అది చూసి నాన్నగారు కంగారుపడితే, పక్కనున్న ఒక పెద్దావిడ ఆయన చేతికి తన చీపురు ఇచ్చేసింది. ఆయన కూడా ఊపారు. ఓపెన్ కార్లో కాన్‌స్టాంటినోవ్ వెళ్తుంటే చెయ్యెత్తి దండం పెట్టారు.

ఆ శుక్రవారమే, జూన్ 13న, ప్రమాదం జరిగింది. తాము నడపకూడదని లిమోజిన్ మాట్లాడుకుని వెళ్తున్నారు, కాన్‌స్టాంటినోవ్, ఫెతిసోవ్, జట్టు మసాజ్ మనిషి మ్నత్సకానోవ్. డ్రైవరు అదుపు తప్పి వుడ్‌వర్డ్ మధ్యలో చెట్టుకి గుద్దాడు. ఫెతిసోవ్ కోలుకున్నాడు. మిగతా ఇద్దరూ మళ్ళీ మామూలు మనుషులు కాలేదు. కాన్‌స్టాంటినోవ్‌కి అప్పుడు 30 ఏళ్ళు. ఆ చెట్టు నేను రోజూ వెళ్ళే దారిలోనే. మొదలంతా పూలు, జెర్సీలు, పిల్లలు రాసిన కార్డులు. అమ్మ శనివారం గుడిలో అతని పేరు చెప్పి అర్చన చేయించింది. పంతులుగారు గోత్రం అడగలేదు.

* * *

సెప్టెంబరులో అమ్మావాళ్ళు వెళ్ళిపోయారు. అప్పట్లో ఇండియాకి ఫోనంటే కాలింగ్ కార్డు. వెనకున్న రేకు గీకి, అంకెలన్నీ నొక్కితే, ఎన్ని నిమిషాలున్నాయో ఒక గొంతు చెప్పేది. ఉన్న కాసేపట్లోనే నాన్నగారు "ఆ కుర్రాడు ఎలా ఉన్నాడురా?" అని అడిగేవారు. ఎవరని నేనెప్పుడూ అడగలేదు.

ఆ సీజనంతా ఆటగాళ్ళ జెర్సీల మీద నమ్మకం అన్న మాట ఇంగ్లీషులో, రష్యన్‌లో రాసిన చిన్న ప్యాచ్ ఉండేది. 1998 జూన్‌లో ఫైనల్లో వాషింగ్టన్‌ని మళ్ళీ నాలుగుకి నాలుగు ఓడించారు. మ్యాచ్ అయ్యాక కాన్‌స్టాంటినోవ్‌ని చక్రాల కుర్చీలో మంచు మీదకి తెచ్చారు. కప్పు అందుకున్న ఐజర్‌మన్ నేరుగా వెళ్ళి అతని ఒళ్ళో పెట్టాడు. అందరూ ఆ కుర్చీ చుట్టూ చేరి నెట్టుకుంటూ రింకంతా తిప్పారు. ప్రత్యర్థి ఊళ్ళో, ఓడిన జట్టు జనం కూడా నిలబడి చప్పట్లు కొట్టారు. నేను వెంటనే కార్డు గీకి తెనాలి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న. చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు, నిమిషాలు పోతున్నాయి. "మంచివాళ్ళురా" అన్నారు నాన్నగారు.

తర్వాత 2002లో హాషెక్, బ్రెట్ హల్, షెలియోస్ లాంటి హేమాహేమీలతో ఒక కప్పు, 2008లో లిడ్‌స్ట్రమ్ కెప్టెన్‌గా ఇంకోటి. మొత్తం 11. మా పిల్లలు దాత్స్యుక్‌ని చూస్తూ పెరిగారు. అవి వాళ్ళ జ్ఞాపకాలు, వాళ్ళే రాసుకోవాలి.

2016 జూన్‌లో గోర్డీ హౌ పోయినప్పుడు జోలోనే జనం దర్శనానికి ఉంచారు. ఆయన నంబరు తొమ్మిది కాబట్టి పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా. తాత చేతికర్ర పట్టుకుని వచ్చాడు. మరుసటేడు ఏప్రిల్లో జోలో ఆఖరి మ్యాచ్. తర్వాత దాన్ని పడగొట్టేశారు. కొత్త లిటిల్ సీజర్స్ అరీనా బావుంటుంది, విశాలంగా, వెచ్చగా. ఇంకెవరూ వేసుకోకుండా గౌరవంగా పైకెత్తిన జెర్సీ నంబర్లు, సెవెన్, నైన్, టెన్ అన్నీ అక్కడ పైన వేలాడుతుంటాయి: లిండ్సే, హౌ, డెల్వెకియో. పన్నెండో నంబరు ఏబెల్, పంతొమ్మిదో నంబరు ఐజర్‌మన్ కూడా.

పదహారో నంబరు అక్కడ లేదు. కాన్‌స్టాంటినోవ్ తర్వాత ఆ నంబరు వేసుకుని ఆడినవాళ్ళూ లేరు, అది మంచి పనే. కానీ సరిపోదు. ఆయన ఈ జట్టుకి ఆడింది ఆరు సీజన్లే అని, రికార్డులు చాలవని కొందరంటారు. 1998లో ఐజర్‌మన్ ఆ కప్పు ఎవరి ఒళ్ళో పెట్టాడో చూసినవాళ్ళెవరూ ఆ లెక్క చెప్పరు. ఆయన మన మధ్య ఉండగానే, చూసి నవ్వగలిగి ఉండగానే, ఆ 16ని పైకెత్తాలి.